రాజ్యరహస్యం - పత్రికాధర్మం
(కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీ జీవితగాథ)

దేశరక్షణ కోసం కొన్ని విషయాలను గోప్యంగా ఉంచడం ప్రతి రాజ్యానికీ అవసరమే. సేనలు ఏ దారిన కదులుతున్నవో, ఏ సరిహద్దున ఎంత బలగం ఉన్నదో చాటి చెప్పుకొనే రాజ్యం ఎంతోకాలం మనజాలదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాటి నుండి మంత్రగోపనం రాజధర్మంగానే పరిగణింపబడుతూ వచ్చింది. అయితే పత్రికాధర్మమన్నది వేరొకటి ఉన్నది. ప్రజల సొమ్ము ఏ పనికి వ్యయమవుతున్నదో, ప్రజల పేరిట పాలకులు ఏమి చేస్తున్నారో ప్రజలకు ఎరుకపరచడం ఆ ధర్మం. ఈ రెండు ధర్మాలూ ఎదురుపడినప్పుడు పత్రికా సంపాదకుడు ఏ పక్షం వహించాలి? రహస్యాన్ని వెల్లడించినవాడు దేశద్రోహి అవుతాడా, దేశభక్తుడవుతాడా?

ఈ ప్రశ్న మన విద్యార్థులకు కొత్తది కాదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912లో స్థాపించిన 'అల్ హిలాల్' పత్రిక బ్రిటిషు ప్రభుత్వ ఆగ్రహానికి గురియై 1914లో మూతపడిన వృత్తాంతాన్ని ఉర్దూ సాహిత్యం చదివినవారందరూ ఎరుగుదురు. రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ వ్రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు నగరంలో హత్యకు గురి అయిన సంగతి తెలియనివారు మన ప్రాంతంలో ఉండరు. ఈ మహనీయుల కోవకే చెందిన ఒక జర్మన్ సంపాదకుని జీవితాన్ని ఈ సంచికలో మేము పరిచయం చేయదలచినాము. ఆయన పేరు కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీ. ప్రభుత్వ సైనిక రహస్యాన్ని అచ్చువేసిన నేరానికి కారాగారవాసం అనుభవించి, పిమ్మట నోబెల్ శాంతి బహుమానం పొంది, ఆ బహుమానాన్ని చేతితో తాకకుండానే కన్నుమూసిన వ్యక్తి ఆయన.

బాల్యము - యౌవనము

ఒసియెట్‌స్కీ 1889 అక్టోబరు 3వ తేదీన ఉత్తర జర్మనీలోని హాంబర్గు రేవుపట్టణంలో జన్మించాడు. పేరులోని 'ఫాన్' అనే పదాన్ని చూచి ఆయన జమీందారీ కుటుంబీకుడని భ్రమపడరాదు. తండ్రి ఒక న్యాయవాది కార్యాలయంలో గుమాస్తా. తల్లి చిన్న భోజనశాల నడిపి సంసారానికి చేదోడు అయ్యేది. బాలునికి రెండేండ్ల ప్రాయంలోనే తండ్రి మరణించగా, బంధువు ఒకామె ఆయనను పెంచింది. కొన్నేండ్లకు తల్లి పునర్వివాహం చేసుకొన్నది. ఆ మారుతండ్రి శిల్పి. సోషల్ డెమొక్రటిక్ భావాలు కలవాడు. రాజకీయ చర్చలు బాలుని చెవిన పడినది ఆ ఇంటిలోనే.

చదువులో ఆయన రాణించలేదు. గణితం ఆయనకు కొరుకుడు పడలేదు. పాఠశాల అంత్యపరీక్షలో ఉత్తీర్ణుడు కాలేక, 1907లో హాంబర్గు న్యాయస్థానంలో చిన్న వ్రాయసకాని ఉద్యోగంలో చేరాడు. పరీక్షలో తప్పిన విద్యార్థి జీవితంలో తప్పిపోయినట్లే అని తలచే తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక. పగలు కోర్టు దస్త్రాలకు నకళ్ళు వ్రాయడం, సాయంకాలం గ్రంథపఠనం, సభలు - ఇదే ఆయన విశ్వవిద్యాలయం. ఇరువది రెండేండ్ల వయస్సుకే ఆయన వ్యాసాలు పత్రికలలో వెలువడసాగాయి.

సైనికాధికారంతో ఆయనకు తొలి తగాదా వచ్చింది కూడా ఈ కాలంలోనే. ఒక సైనిక న్యాయస్థానం ఇచ్చిన కఠినమైన తీర్పును విమర్శిస్తూ 1913లో ఆయన ఒక వ్యాసం వ్రాశాడు. ప్రభుత్వం అభియోగం మోపింది, జరిమానా పడింది. ఆ జరిమానా సొమ్ము కట్టింది ఆయన నవవధువు. ఆ సంవత్సరమే ఆయన మాడ్ లిచ్‌ఫీల్డ్ వుడ్స్ అనే ఆంగ్ల వనితను వివాహమాడాడు. ఆమె స్త్రీలకు వోటు హక్కు కోసం పోరాడిన ఉద్యమంలో పాల్గొన్న యువతి. భారతదేశంలో పనిచేసిన బ్రిటిషు అధికారి కుమార్తె. ఆమె పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు హైదరాబాదు పేరును ప్రస్తావించడం మనకు ఆసక్తికరమైన విషయం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో ఒసియెట్‌స్కీని సైన్యంలో చేర్చుకొన్నారు. ఆయుధం పట్టే సిపాయిగా కాక, కందకాలు త్రవ్వే, మోతలు మోసే శ్రామిక దళంలో ఆయన పశ్చిమ రణరంగానికి పోయాడు. వెర్డన్ వంటి చోట్ల లక్షలాది యువకులు మట్టిలో కలిసిపోవడం ఆయన కన్నులార చూశాడు. సుకుమారమైన శరీరము, మితభాషిత్వము గల ఆ యువకుడు యుద్ధమన్నది ఇక ఎన్నడూ రాకూడదన్న దృఢనిశ్చయంతో తిరిగి వచ్చాడు. యుద్ధానంతరం కొంతకాలం జర్మన్ శాంతిసంఘానికి కార్యదర్శిగా బెర్లిన్‌లో పనిచేసి, తరువాత పత్రికారచననే వృత్తిగా స్వీకరించాడు.

ఎర్ర అట్టల పత్రిక

ఆ కాలపు బెర్లిన్‌లో 'డీ వెల్ట్‌బ్యూనె' అనే వారపత్రిక ఉండేది. 'ప్రపంచ రంగస్థలం' అని ఆ పేరుకు అర్థం. నాటక విమర్శ కోసం సీగ్‌ఫ్రీడ్ యాకబ్‌సోన్ స్థాపించిన ఆ పత్రిక క్రమంగా రాజకీయ విమర్శకు పెట్టింది పేరయింది. చిన్న ఆకారం, ఎర్రని అట్ట. ప్రతులు పదిహేను వేలకు అటు ఇటుగా మాత్రమే అమ్ముడుపోయేవి. అయినా ఆ పత్రికలో ఏమి వస్తుందోనని మంత్రులు, సేనానాయకులు ప్రతి వారమూ కలవరపడేవారు. 1926 డిసెంబరులో యాకబ్‌సోన్ హఠాత్తుగా మరణించాడు. ప్రఖ్యాత వ్యంగ్య రచయిత కుర్ట్ టుఖోల్‌స్కీ కొన్నాళ్ళు ఆ భారం వహించి, ఆ పని తన స్వభావానికి సరిపడదని తెలుసుకొని వదలుకొన్నాడు. 1927లో ఆ సంపాదక పీఠం ఒసియెట్‌స్కీకి సంక్రమించింది.

అప్పటి జర్మనీ పరిస్థితిని ఇక్కడ కొంత వివరించవలసి ఉన్నది. యుద్ధంలో ఓడిన జర్మనీ 1919లో వెర్సాయి సంధిపై సంతకం చేసింది. దాని ప్రకారం జర్మన్ సైన్యం లక్షమందిని మించరాదు. యుద్ధ విమానాలు, టాంకులు, జలాంతర్గాములు ఉండరాదు. ఆ సంధిషరతులు అతికఠినమైనవని అనేకులు భావించిన మాట నిజమే. అయినా ఆ సంధి దేశపు శాసనంగా ఆమోదం పొందినది. పార్లమెంటు, మంత్రివర్గం బహిరంగంగా దానిని అంగీకరిస్తూ ఉండగా, సేనానాయకులు తెరచాటున దానిని ఉల్లంఘించసాగారు. అక్రమ సాయుధ దళాలు ఏర్పడినాయి. ఆ దళాల గుట్టు బయటపెట్టినవారిని రహస్యంగా చంపివేసిన హత్యలు కూడా జరిగాయి. ఆ హత్యలకు సైన్యంలోని పెద్దల ప్రమేయం ఉన్నదని వెల్ట్‌బ్యూనె వ్రాసింది. సైన్యం పరువునష్టం దావా వేయగా ఒసియెట్‌స్కీకి నెలరోజుల జైలుశిక్ష విధింపబడింది. కాని అది అమలు కాలేదు. సైన్యం మాత్రం ఆయన పేరును మరచిపోలేదు.

ఒక వ్యాసం

1929 మార్చి 12వ తేదీ సంచికలో జర్మన్ విమానయానాన్ని గూర్చి ఒక వ్యాసం వెలువడింది. రచయిత పేరు హైంజ్ యేగర్ అని ఉన్నది. అది మారుపేరు. అసలు రచయిత వాల్టర్ క్రైజర్ అనే విమాన నిర్మాణ శాస్త్రం తెలిసిన పాత్రికేయుడు. వ్యాసంలో అధికభాగం పౌరవిమానయానానికి కేటాయించిన ప్రభుత్వధనం ఎట్లు దుర్వ్యయమవుతున్నదో చెప్పే విమర్శ. చివరి పుటలో మాత్రం అసలు నిప్పు ఉన్నది. బెర్లిన్ సమీపంలోని ఒక విమానాశ్రయంలో 'ఎం' అనే అక్షరంతో పిలువబడే ఒక విభాగం పనిచేస్తున్నదనీ, లుఫ్ట్‌హాన్సా సంస్థ పేరిట తీరప్రాంత విమాన విభాగం ఒకటి ఉన్నదనీ, ఇవి పేరుకు పౌరసంస్థలైనా నిజానికి సైన్యం కోసమే నడుస్తున్నవనీ ఆ వ్యాసం తెలిపింది. ఈ విమానాలన్నీ ఎల్లప్పుడూ జర్మనీలోనే ఉండవన్న సూచన కూడా చేసింది.

ఆ సూచనకు అర్థం తెలిసినవారికి తెలుసు. 1925 నుండి సోవియట్ రష్యాలోని లీపెట్‌స్క్ పట్టణంలో జర్మన్ సైనికులకు యుద్ధవిమానాలు నడపడంలో శిక్షణ రహస్యంగా జరుగుతూ ఉండేది. 1933 వరకు ఆ శిక్షణ కొనసాగింది. వ్యాసం అచ్చయిననాడు ఆ సంగతిని ప్రభుత్వం కాదన్నా, తరువాతి చరిత్ర దానిని సంపూర్ణంగా ధ్రువపరచింది. వ్యాసంలోని విషయం అబద్ధమని న్యాయస్థానం కూడా ఎన్నడూ అనలేదు. ఒసియెట్‌స్కీపై వచ్చిన అభియోగం అసత్యం వ్రాశాడని కాదు, సత్యం వ్రాశాడని.

ఇక్కడ మేము పాఠకులను ఒక ప్రశ్నపై నిలుపదలచినాము. ఆ రహస్యం ఎవరికి తెలియకుండా దాచిన రహస్యం? రష్యా సైన్యానికి అది తెలుసు. శిక్షణ జరిగిందే వారి గడ్డపై. జర్మన్ సైన్యం సంధిని మీరుతున్నదన్న అనుమానం ఫ్రాన్సు, బ్రిటన్ ప్రభుత్వాలకు మొదటినుండీ ఉన్నది. వ్యాసంలోని వివరాలలో కొన్ని జర్మన్ పార్లమెంటు బడ్జెట్ సంఘపు చర్చలలో అంతకు పూర్వమే వచ్చినవి. ఆ చర్చల నివేదిక అచ్చయి కూడా ఉన్నది. ఇక మిగిలినది పన్ను కట్టే సామాన్య జర్మన్ పౌరుడు ఒక్కడే. తన సొమ్ముతో తన పేరిట ఒక నిషిద్ధమైన సేన తయారవుతున్నదని తెలియనివాడు అతడొక్కడే. శత్రువునుండి దాచేది ఒక రకపు రహస్యం. స్వంత ప్రజలనుండి దాచేది మరొక రకపు రహస్యం. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడంలోనే పాలకుల నేర్పు ఉన్నది.

మూసిన తలుపుల వెనుక

ప్రభుత్వం తొందరపడలేదు. 1929 ఆగస్టులో పత్రికా కార్యాలయంపై సోదా జరిగింది. అభియోగపత్రం 1931 మార్చిలో గాని రాలేదు. వ్యవహారం బహిరంగ విచారణకు వస్తే వ్యాసంలోని మాటలు నిజమని ప్రపంచానికి తామే ఒప్పుకొన్నట్లవుతుందని విదేశాంగశాఖకు భయం. విడిచిపెడితే ఇతర పత్రికలు కూడా ధైర్యం తెచ్చుకుంటాయని సైన్యానికి భయం. చివరకు సైన్యం మాటే నెగ్గింది.

1931 నవంబరులో లైప్‌జిగ్ నగరంలోని సర్వోన్నత న్యాయస్థానంలో విచారణ జరిగింది. ప్రేక్షకులకు ప్రవేశం లేదు. విన్న విషయాలను బయట చెప్పరాదని ఇరుపక్షాలనూ ఆజ్ఞాపించారు. మాక్స్ ఆల్స్‌బెర్గ్ వంటి ఉద్దండులైన న్యాయవాదులు ప్రతివాదుల పక్షాన వాదించారు. వ్యాసంలోని సంగతులు అంతకు మునుపే వెల్లడి అయినవని నిరూపించడానికి వారు కోరిన సాక్షులను న్యాయమూర్తులు పిలిపించలేదు. నవంబరు 23వ తేదీన తీర్పు వచ్చింది. 1914 నాటి గూఢచర్య నిరోధక శాసనం క్రింద రచయితకు, సంపాదకునికి చెరి పదునెనిమిది నెలల కారాగారశిక్ష. తీర్పు ఇది అని లోకానికి తెలిసింది; ఏ కారణాలపై ఇచ్చారో మాత్రం రహస్యంగానే ఉండిపోయింది. రహస్యాన్ని కాపాడడానికి ఇచ్చిన తీర్పు తానే ఒక రహస్యమైపోయింది.

న్యాయమూర్తుల పక్షాన చెప్పదగినదేమైనా ఉన్నదా అని మేము ఆలోచించినాము. వారి వాదం స్థూలంగా ఇది: పౌరుడు తన దేశానికి విధేయుడై ఉండాలి, ప్రభుత్వం తప్పు చేస్తున్నదని తోచితే ఆ సంగతిని దేశంలోని అధికారులకు విన్నవించుకోవాలి గాని, పరదేశాలు వినేటట్లు చాటరాదు. ఈ వాదం పైకి సమంజసంగానే కనిపిస్తుంది. నిజంగా ప్రాణాపాయం కలిగించే రహస్యాల విషయంలో సమంజసం కూడా. యుద్ధసమయంలో ఓడలు ఏ వేళ బయలుదేరుతాయో వ్రాసే పత్రిక దేశసేవ చేస్తున్నదని ఎవరూ అనరు. కాని ఇక్కడ శాసనాన్ని ఉల్లంఘించింది ఆ అధికారులే. దొంగతనాన్ని గూర్చి దొంగకే ఫిర్యాదు చేసుకొమ్మనడం న్యాయమెట్లవుతుంది? పార్లమెంటులో ప్రశ్న అడిగితే దాటవేశారు. ఇక పత్రిక తప్ప మార్గమేమున్నది?

పారిపోని మనిషి

తీర్పు వెలువడగానే క్రైజర్ ఫ్రాన్సుకు వెళ్ళిపోయాడు. ఒసియెట్‌స్కీ కూడా పోదలచుకొంటే పోవచ్చు. స్నేహితులు బ్రతిమాలారు. ఆయనకు విషం వంటి శిక్ష తగ్గించమని రాష్ట్రపతి హిండెన్‌బర్గ్‌ను ప్రార్థిస్తూ పంపిన విజ్ఞప్తిపై థామస్ మాన్, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వంటి జగద్విఖ్యాతులు సంతకాలు చేశారు. ఆ విజ్ఞప్తి ఫలించలేదు. సరిహద్దు దాటిపోయి అక్కడి నుండి స్వదేశాన్ని విమర్శించేవాని మాట డొల్లగా వినిపిస్తుందన్నది ఒసియెట్‌స్కీ అభిప్రాయం. దేశంలో పేరుకొన్న విషంతో పోరాడదలచినవాడు దేశ ప్రజలందరి కష్టసుఖాలలో పాలు పంచుకోవాలని ఆయన నమ్మాడు. తాను చెరసాలలో ఉండడమే ఆ తీర్పుకు సజీవమైన నిరసన అని తలచాడు.

1932 మే 10వ తేదీన ఆయన బెర్లిన్‌లోని టేగెల్ కారాగారానికి స్వయంగా పోయి లొంగిపోయాడు. రచయితలు, మిత్రులు మోటారు కార్లలో వెంట వచ్చి జైలు ద్వారం వద్ద సాగనంపారు. దేశద్రోహి అన్న ముద్రతో లోనికి పోతున్న మనిషి దేశం విడిచిపోవడానికి అంగీకరించనివాడు. ఈ ఒక్క సంగతే ఆ ముద్ర ఎంతటి అసత్యమో చాటుతున్నది.

ఆ సంవత్సరమే ఆయనపై మరొక అభియోగం నడిచింది. సైనికులను హంతకులతో పోల్చుతూ టుఖోల్‌స్కీ వ్రాసిన వాక్యాన్ని అచ్చువేశాడని సైన్యం నేరం మోపింది. అందులో న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. 1932 డిసెంబరులో క్రిస్మస్ సందర్భంగా ప్రకటించిన క్షమాభిక్ష వలన ఆయన శిక్షాకాలం ముగియక మునుపే విడుదల అయినాడు.

అంధకారం

విడుదలైన నలువది దినాలు తిరుగకుండానే, 1933 జనవరి 30వ తేదీన, హిట్లర్ జర్మనీ ప్రధాని అయినాడు. మిత్రులు మరల హెచ్చరించారు. ఒసియెట్‌స్కీ మరల కదలలేదు. ఫిబ్రవరి 27వ తేదీ రాత్రి పార్లమెంటు భవనం తగులబడింది. ఆ మరునాటి వేకువజామున పోలీసులు వచ్చి ఆయనను తీసుకొనిపోయారు. ఈ పర్యాయం విచారణ లేదు, తీర్పు లేదు, గడువు లేదు. మార్చి నెలలో వెల్ట్‌బ్యూనె మూతబడింది. మే 10వ తేదీన బెర్లిన్ విద్యార్థులు గ్రంథాలను తగులబెట్టినప్పుడు టుఖోల్‌స్కీ, ఒసియెట్‌స్కీల పేర్లను ఎలుగెత్తి చదివి వారి రచనలను మంటలలో వేశారు. ఆయన టేగెల్ ద్వారం దాటి సరిగా ఒక సంవత్సరమయిన దినమది. ఆ పుస్తకాలను మంటలలో విసరినవారిలో అనేకులు విశ్వవిద్యాలయ విద్యార్థులని మన విద్యార్థులు మరువరాదు.

మొదట సోనెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలోను, 1934 నుండి ఎస్టర్‌వేగెన్ శిబిరంలోను ఆయనను ఉంచారు. ఎస్టర్‌వేగెన్ హాలండు సరిహద్దు వద్ద ఉన్న చిత్తడినేలల ప్రాంతం. మోకాలి లోతు బురదలో నిలిచి ఖైదీలు నేల త్రవ్వవలెను. దెబ్బలకు లెక్క లేదు. 1935లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధి కార్ల్ బుర్క్‌హార్ట్ ఆ శిబిరాన్ని చూడవచ్చి, పట్టుబట్టి ఒసియెట్‌స్కీని చూశాడు. వణుకుతున్న శరీరం, రక్తం లేని ముఖం, వాచిన కన్ను, విరిగిన పళ్ళు, విరిగి సరిగా అతుకుకోని కాలు - ఇది ఆయన చూచిన దృశ్యం. తన మిత్రులకు కృతజ్ఞతలు తెలుపమనీ, తన జీవితం ముగింపునకు వచ్చినదనీ ఆ ఖైదీ చెప్పినట్లు తరువాత లోకానికి తెలిసింది.

ఆయన దాచరాదన్న రహస్యం మాత్రం ఈలోపల రహస్యంగా ఉండడం మానివేసింది. 1935 మార్చిలో జర్మనీకి వైమానికదళం ఉన్నదని హిట్లర్ ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. ఏ మాట అచ్చువేసినందుకు ఒక సంపాదకుడు గూఢచారులతో సమానంగా శిక్షింపబడినాడో, ఆ మాటనే ప్రభుత్వం పండుగగా చాటుకొన్నది. కాని ఆ సంపాదకుడు బురదలోనే ఉన్నాడు. రాజ్యరక్షణ కోసమే ఆయనను శిక్షించి ఉంటే ఆ దినమే విడిచిపెట్టవలసింది. శిక్ష రహస్యం కోసం కాదనీ, ఎదురు పలికే నోరు మూయడం కోసమేననీ ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఖైదీకి నోబెల్ బహుమానం

విదేశాలలో తలదాచుకొన్న మిత్రులు ఊరక కూర్చోలేదు. ఆయనకు నోబెల్ శాంతి బహుమానం వస్తే ప్రాణం దక్కవచ్చునని వారు తలచారు. పారిస్ నుండి, లండన్ నుండి, ఓస్లో నుండి లేఖలు బయలుదేరాయి. ఐన్‌స్టీన్, రొమే రోలా, థామస్ మాన్ సమర్థించారు. నార్వేలో ఈ ఉద్యమానికి శ్రమించిన యువకులలో ఒకడు విల్లీ బ్రాంట్. తరువాతి కాలంలో పశ్చిమ జర్మనీ ప్రధాని అయి, 1971లో తానే నోబెల్ శాంతి బహుమానం పొందినవాడు ఆయనే. నార్వే ప్రభుత్వానికి హిట్లర్ ఆగ్రహమంటే భయం. 1935లో బహుమానం ఎవరికీ ఇవ్వకుండా వాయిదా వేశారు.

1936 ఆగస్టులో బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలు జరుగవలసి ఉన్నవి. ప్రపంచమంతా చూడవచ్చే వేళకు పేరుమోసిన ఖైదీ శిబిరంలో చచ్చిపోతే అపకీర్తి అని పాలకులకు తోచింది. క్షయవ్యాధితో కృశించిన ఒసియెట్‌స్కీని ఆ వేసవి ఆరంభంలో బెర్లిన్‌లోని పోలీసు ఆసుపత్రికి మార్చారు. నవంబరులో పేరుకు విడుదల చేసి, కావలి మధ్య మరొక ఆసుపత్రిలో ఉంచారు. నవంబరు 23వ తేదీన 1935వ సంవత్సరపు శాంతి బహుమానం ఆయనకు ప్రకటింపబడింది. బహుమానం తిరస్కరించమని గోరింగ్ స్వయంగా ఒత్తిడి చేశాడు. తిరస్కరిస్తే సుఖంగా బ్రతుకవచ్చునని ఆశ చూపారు. స్వీకరిస్తే జర్మన్ జాతి నుండి వెలివేసినట్లేనని బెదిరించారు. నడవడానికి శక్తి లేని ఆ రోగి బహుమానాన్ని స్వీకరిస్తున్నట్లు తెలియజేశాడు.

ఓస్లో పోవడానికి ఆయనకు పాస్‌పోర్టు ఇవ్వలేదు. బహుమాన వార్తను వ్యాఖ్యానించరాదని జర్మన్ పత్రికలను ఆదేశించారు. 1937 జనవరిలో హిట్లర్ ఇకమీదట జర్మనులెవరూ ఏ నోబెల్ బహుమానమూ స్వీకరించరాదని శాసించాడు. ఆ కారణంగా 1938, 1939 సంవత్సరాలలో ముగ్గురు జర్మన్ శాస్త్రజ్ఞులు తమకు వచ్చిన బహుమానాలను వదలుకోవలసి వచ్చింది. ఒసియెట్‌స్కీ బహుమానపు సొమ్మును వ్యవహరించడానికి నియోగింపబడిన న్యాయవాది అందులో అధికభాగం కాజేశాడు. 1938 మే 4వ తేదీన, నలువది ఎనిమిదవ ఏట, బెర్లిన్ ఆసుపత్రిలో పోలీసుల కావలిలోనే ఒసియెట్‌స్కీ మరణించాడు. అప్పటికి ఆయన కుమార్తె విదేశంలో ఉన్నది. ఆయన భార్య మాడ్ 1974 వరకు జీవించింది.

తీర్పు మిగిలే ఉన్నది

యుద్ధం ముగిసింది. హిట్లర్ పోయాడు. కాని ఈ కథ అక్కడితో ముగియలేదు.

1962 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో ఇటువంటి వివాదమే మరల తలెత్తింది. దేశ రక్షణ ఏర్పాట్లలోని లోపాలను వెల్లడించినందుకు 'డెర్ ష్పీగెల్' వారపత్రిక కార్యాలయాలను పోలీసులు ఆక్రమించారు. దాని సంపాదకుడు రుడోల్ఫ్ ఔగ్‌ష్టైన్ 103 దినాలు నిర్బంధంలో ఉన్నాడు. అయితే ఈ మారు ప్రజలు వీధులలోకి వచ్చారు. విద్యార్థులు సభలు జరిపారు. రక్షణమంత్రి పదవి వదలుకోవలసి వచ్చింది. ఆ సంపాదకునిపై అభియోగం విచారణకే నిలువలేదు. 1933లో గ్రంథాలు తగులబెట్టిన విద్యార్థులకూ, 1962లో పత్రిక పక్షాన నిలిచిన విద్యార్థులకూ మధ్య ముప్పది ఏండ్లు కూడా లేవు.

1968లో పశ్చిమ జర్మనీ తన శిక్షాస్మృతిని సవరించింది. ప్రజాస్వామ్య వ్యవస్థకు విరుద్ధమైన విషయాలు గాని, అంతర్జాతీయ ఒప్పందాలతో అంగీకరించిన ఆయుధ పరిమితులను ఒప్పందం చేసుకొన్న దేశాలకు తెలియకుండా ఉల్లంఘించే విషయాలు గాని రాజ్యరహస్యాలు కాజాలవని ఆ సవరణ స్పష్టం చేసింది. ఒసియెట్‌స్కీ అచ్చువేసిన వ్యాసాన్ని ఎదుట పెట్టుకొని వ్రాసినట్లున్నది ఆ నిబంధన.

అయినా ఆయనపై పడిన మచ్చను శాసనం తుడువలేదు. 1931 నాటి తీర్పును పునర్విచారించమని ఆయన కుమార్తె న్యాయస్థానాలను ఆశ్రయించింది. 1992 డిసెంబరులో జర్మనీ ఉన్నత న్యాయస్థానం ఆ ప్రార్థనను త్రోసిపుచ్చింది. నాటి శాసనం, నాటి న్యాయస్థానాల దృష్టి ప్రకారం అక్రమమైన రహస్యం కూడా రహస్యమేననీ, పునర్విచారణకు కావలసిన కొత్త సాక్ష్యమేదీ లేదనీ నిర్ణయించింది. అంతకు ఒక సంవత్సరం ముందే, 1991లో, ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు అధికారికంగా వచ్చింది. ఒక విశ్వవిద్యాలయ ద్వారంపై ఆయన పేరు. న్యాయస్థానపు దస్త్రంలో ఆయన నేరం. ఈ రెండూ ఒకే దేశంలో నిలిచి ఉన్నవి.

మన దేశంలోను 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నది. బ్రిటిషువారు తమ పాలన కోసం చేసుకొన్న చట్టమది. దానితోపాటు 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా ఉన్నది. గోప్యత వలన కలిగే రక్షణ కంటె వెల్లడి వలన కలిగే ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చునని ఆ రెండవ చట్టం చెబుతున్నది. అనగా ఏ రహస్యాన్నైనా త్రాసులో వేసి తూచవలసిందేనని మన శాసనం కూడా అంగీకరించినది. ఆ త్రాసు పట్టుకొనే చేయి నిష్పక్షపాతమైనది కావాలి.

దుర్మార్గుడైన పాలకుని ఎదుట సత్యం పలకడాన్ని మన ప్రవక్త ఎంతటి మహత్కార్యంగా ఎంచినారో ఈ కళాశాల విద్యార్థులకు మేము వేరుగా చెప్పనవసరం లేదు. ఆ కార్యాన్ని ఏ మతంవాడు, ఏ దేశంవాడు చేసినా అది గౌరవింపదగినదే. రేపు మన విద్యార్థులలో కొందరు పాత్రికేయులు కావచ్చును, కొందరు ప్రభుత్వోద్యోగులు కావచ్చును, కొందరు న్యాయమూర్తులు కూడా కావచ్చును. ఒక కాగితంపై 'రహస్యం' అన్న ముద్ర వారి ఎదుటకు వచ్చినప్పుడు, ఇది ఎవరి నుండి దాచుతున్న రహస్యమని ఒక్కమారు ప్రశ్నించుకొనే అలవాటు వారికి అబ్బితే చాలు. ఆ ప్రశ్న అడిగినందుకే హాంబర్గు గుమాస్తా కొడుకు ఒకడు తన ప్రాణం చెల్లించుకొన్నాడు.